పెద్ద కోడ్‌బేస్‌లో దారి: ఎడిటర్ సాధనాలు, ఫైల్ పేర్లు

ఒక మనిషి పూర్తిగా చదవలేనంత పెద్ద కోడ్‌లో కావలసిన చోటును త్వరగా పట్టుకోవడం, అక్కడి నుంచి దానితో సంబంధమున్న మిగతా చోట్లకు వెళ్లడం, దారి తప్పకుండా వెనక్కి రావడం: ఈ మూడూ కలిసిన పనిని సాఫ్ట్‌వేర్ వృత్తిలో కోడ్ నావిగేషన్ అంటారు. దీనికి ఆధారాలు రెండు. ఒకటి ఎడిటరూ, దానికి తోడుండే వెతుకులాట సాధనాలూ. రెండోది కోడ్ రాసినవారు ఫైళ్లకు, ఫోల్డర్లకు, ఫంక్షన్లకు పెట్టిన పేర్లు. మొదటిదాని మీద పాఠాలకు కొదవ లేదు. రెండోదాన్ని శైలికి సంబంధించిన చిన్న విషయంగా పక్కన పెట్టేస్తుంటారు. కానీ సాధనం ఎంత తెలివైనదైనా, పేరు పెట్టిన రోజున ఆ పేరులో ఏం చేరిందో దాన్నే ఎక్కువగా వెతికి పెడుతుంది.

పరిమాణం, పట్టే సమయం

లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ కెర్నల్ 0.01లో సుమారు 10 వేల పంక్తులుండేవి. ఓపిక ఉన్నవారు కొద్ది రోజుల్లో చదివేయగలిగేవారు. నేటి కెర్నల్ 3 కోట్ల పంక్తులు దాటింది. గూగుల్ తన కోడ్‌లో అత్యధిక భాగాన్ని ఒకే రిపాజిటరీలో ఉంచుతుంది. 2015 జనవరి నాటికి అందులో 90 లక్షల సోర్సు ఫైళ్లు, దాదాపు 200 కోట్ల పంక్తులు ఉన్నట్లు ఆ సంస్థ ఇంజనీర్లు రేచల్ పాట్విన్, జోష్ లెవెన్‌బర్గ్ మరుసటి ఏడాది ఒక వ్యాసంలో వెల్లడించారు. ఇలాంటి చోట 'ముందు కోడంతా చదువు, తర్వాత ముట్టుకో' అన్న సీనియర్ల సలహా పనికిరాదు.

కోడ్ చిన్నదైతే ఈ బాధ ఉండదనుకోవడమూ పొరపాటే. ఆండ్రూ కో, బ్రాడ్ మయర్స్ తదితరులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్లిప్స్‌లో ఒక చిన్న జావా ప్రోగ్రామ్ మీద పనిచేసినవారు కూడా సగటున 35 శాతం సమయాన్ని ఫైళ్ల మధ్య, ఫైళ్ల లోపల తిరగడానికే ఖర్చు పెట్టారు. 78 మంది వృత్తి ప్రోగ్రామర్ల పనిని 3,148 గంటల పాటు నమోదు చేసిన మరో పరిశోధనలో, కోడ్‌ను అర్థం చేసుకోవడానికే సుమారు 58 శాతం సమయం పోతోందని తేలింది. కొత్త కోడ్ టైప్ చేయడమే ప్రోగ్రామింగ్ అనుకునే బయటివారికి ఈ అంకెలు వింతగా అనిపిస్తాయి. ఉద్యోగంలో ఉన్నవారికి అనిపించవు.

వెతికేది ఏమిటన్నదీ ముఖ్యమే. జొనాథన్ సిల్లిటో, గెయిల్ మర్ఫీ, క్రిస్ డి వోల్డర్ 2006లో ప్రోగ్రామర్లు వేసుకునే ప్రశ్నలను 44 రకాలుగా విడదీశారు. మొదట వచ్చేవి 'ఈ తెర మీద కనిపించే మాట కోడ్‌లో ఎక్కడుంది' లాంటివి. ఆ తర్వాత 'దీన్ని ఎవరు పిలుస్తున్నారు' అన్నవి. చివరికి 'ఇది మారిస్తే ఇంకేం దెబ్బతింటుంది' అన్నవి. మొదటి రకానికి సాధనాలు బాగా జవాబిస్తాయి. చివరి రకానికి ఇప్పటికీ అంతంతమాత్రమే.

గ్రెప్, దాని సంతతి

వెతుకులాట సాధనాల్లో పాతది, ఇప్పటికీ ఎక్కువగా వాడేది గ్రెప్. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఈ ప్రోగ్రామ్ 1973లో యూనిక్స్‌లోకి వచ్చింది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన ఫెడరలిస్ట్ పత్రాల్లో ఏది ఎవరు రాశారో తేల్చే ప్రయత్నంలో లీ మెక్‌మాన్ ఉన్నారనీ, ఆ పాఠాలు అప్పటి ఎడ్ ఎడిటర్‌లో పట్టనంత పెద్దవి కావడంతో ఎడ్‌లోని వెతుకులాట భాగాన్ని థాంప్సన్ విడదీసి ఇచ్చారనీ బ్రయన్ కర్నిగాన్ చెబుతుంటారు. అంటే ఈనాడు ప్రోగ్రామర్లు పొద్దస్తమానం వాడే పనిముట్టు మొదట ఒక సాహిత్య పరిశోధన కోసం బయటికొచ్చింది.

గ్రెప్‌కు భాష తెలియదు. జావా అయినా, కోబాల్ అయినా, కాన్ఫిగరేషన్ ఫైల్ అయినా దానికి అక్షరాల వరుసే. అదే దాని బలహీనత, అదే బలం. కోడ్ కంపైల్ కాకపోయినా అది పనిచేస్తుంది. ఒక పేరు కోడ్‌లోనూ, డేటాబేస్ స్క్రిప్టులోనూ, డాక్యుమెంటేషన్‌లోనూ ఉంటే మూడుచోట్లా చూపిస్తుంది. దీన్ని దృష్టిలో పెట్టుకునే కొన్ని ప్రాజెక్టులు కోడ్ రాసే పద్ధతినే మార్చుకున్నాయి. గ్నూ, బీఎస్‌డీ శైలుల్లో సి ఫంక్షన్ తిరిగి ఇచ్చే రకాన్ని ఒక పంక్తిలో రాసి, ఫంక్షన్ పేరును తర్వాతి పంక్తి మొదట్లో పెడతారు. కొత్తగా చూసేవారికి ఇది విడ్డూరంగా కనిపిస్తుంది. కానీ 'పంక్తి మొదట్లోనే ఈ పేరు ఉన్న చోటు' అని గ్రెప్‌ను అడిగితే, వందల పిలుపులను వదిలేసి అసలు నిర్వచనం ఒక్కటే వచ్చి నిలబడుతుంది. లినక్స్ కెర్నల్ శైలిపత్రం ఈ పద్ధతిని పాటించదు గానీ మరో నియమం పెట్టింది. పంక్తి ఎంత పొడవైనా సరే, వాడుకరికి కనిపించే సందేశాలను మధ్యలో విరిచి రెండు పంక్తుల్లో రాయకూడదు. విరిస్తే ఆ సందేశం గ్రెప్‌కు దొరకదన్నదే అక్కడ చెప్పిన కారణం. తెలియని కోడ్‌లోకి అడుగుపెట్టడానికి లాగ్‌లోని ఎర్రర్ సందేశాన్ని మించిన ద్వారం లేదని పని తెలిసినవారందరూ ఒప్పుకుంటారు. ఆ ద్వారం తెరిచి ఉంచడానికే ఈ నియమం.

గ్రెప్ సంతతిలో ఆండీ లెస్టర్ 'యాక్' 2005లో, 'సిల్వర్ సెర్చర్' 2011లో, ఆండ్రూ గాలంట్ 'రిప్‌గ్రెప్' 2016లో వచ్చాయి. రిప్‌గ్రెప్ వేగానికి సగం కారణం దాని అల్గారిథమ్ అయితే, మిగతా సగం వెతకకూడని వాటిని వెతకకపోవడం. గిట్ పట్టించుకోవద్దని జాబితాలో పెట్టిన ఫోల్డర్లనూ, బైనరీ ఫైళ్లనూ అది మామూలుగా వదిలేస్తుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో ఫైళ్లన్నిటా వెతికే పెట్టె వెనకున్నదీ ఇదే. కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయక సాధనాల్లో చాలావాటికి కూడా అచ్చమైన అక్షరాల వెతుకులాటే తొలి ఆయుధం.

కోడ్ ఒక యంత్రంలో పట్టనంత పెద్దదైనప్పుడు ప్రతిసారీ మొత్తం చదవడం కుదరదు. ముందే సూచిక కట్టాలి. 2006లో మొదలై 2012లో మూతపడిన గూగుల్ కోడ్ సెర్చ్‌కు రస్ కాక్స్ వాడిన పద్ధతి మూడక్షరాల సూచిక. ఇంగ్లిష్‌లో 'ఓపెన్' అనే నాలుగక్షరాల మాటలో 'ఓ-పి-ఇ', 'పి-ఇ-ఎన్' అనే రెండు మూడక్షరాల ముక్కలుంటాయి. ఏ ముక్క ఏయే ఫైళ్లలో ఉందో ముందే రాసిపెట్టుకుంటే, రెండు ముక్కలూ ఉన్న ఫైళ్లను మాత్రమే తెరిచి చూస్తే చాలు. గూగుల్ లోపల కోడ్ సెర్చ్ వాడకాన్ని పరిశీలించిన 2015 నాటి అధ్యయనం ప్రకారం ఒక్కో ఇంజనీరు పనిదినానికి సగటున 12 సార్లు వెతికారు.

ట్యాగులు

'ఈ పేరు ఎక్కడెక్కడ ఉంది' అన్నది ఒక ప్రశ్న, 'ఈ పేరు ఎక్కడ పుట్టింది' అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబుగా బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ రాసిన సీట్యాగ్స్ 1970ల చివరలో బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చింది. ఇది సోర్సు ఫైళ్లన్నీ చదివి, ప్రతి నిర్వచనానికీ పేరు, ఫైల్, ఫైల్‌లో చోటు ఉన్న ఒక పంక్తిని రాసి, అక్షరక్రమంలో పేర్చి పెడుతుంది. ఎడిటర్‌లో పేరు మీద కర్సర్ ఉంచి ఒక మీట నొక్కితే నిర్వచనం తెరుచుకుంటుంది. బిల్ జాయ్ రాసిన వీఐలో మొదలైన ఈ సౌకర్యం 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్‌లో బాగా పెరిగింది.

ఈ ట్యాగుల ఫైల్‌లో చోటును గుర్తుపెట్టే తీరు గమనించదగ్గది. చాలా సందర్భాల్లో పంక్తి సంఖ్యకు బదులు ఆ పంక్తి పాఠాన్నే రాసుకుంటుంది. ఇంటి నంబరు చెప్పకుండా 'రావిచెట్టు పక్క పెంకుటిల్లు' అని చెప్పడం లాంటిదే ఇది. పైన నాలుగు పంక్తులు కొత్తగా చేరినా గుర్తు చెడదు.

సీట్యాగ్స్‌కు తెలియని ప్రశ్న 'దీన్ని ఎవరు పిలుస్తున్నారు' అన్నది. 1980ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో జో స్టెఫెన్ రాసిన సీస్కోప్ దాన్ని తీర్చింది. పిలిచేవాటినీ, పిలవబడేవాటినీ, ఒక హెడర్‌ను చేర్చుకున్న ఫైళ్లనూ అది జాబితాగా ఇస్తుంది. 2000లో ఓపెన్ సోర్సు అయ్యాక లినక్స్ లోకంలో బాగా వ్యాపించింది.

పేరును మ్యాక్రో పుట్టిస్తే ఈ సాధనాలు తడబడతాయి. కెర్నల్‌లో 'ఓపెన్' సిస్టమ్ కాల్ అసలు పేరు 'సిస్_ఓపెన్'. ఆ పేరు కోసం వెతికితే హెడర్‌లోని ప్రకటన దొరుకుతుంది గానీ నిర్వచనం దొరకదు. ఎందుకంటే 'ఎఫ్‌ఎస్' ఫోల్డర్‌లోని 'ఓపెన్.సి' ఫైల్‌లో దాన్ని 'సిస్‌కాల్_డిఫైన్3' అనే మ్యాక్రోకు 'ఓపెన్' అన్న ముక్కనిచ్చి రాశారు. 'సిస్_' అన్న ఉపసర్గను కంపైల్ సమయంలో మ్యాక్రో అతికిస్తుంది. కెర్నల్ కొత్తగా చదివేవారు చాలామంది మొదట తల గోక్కునేది ఇక్కడే. దీనికోసమే కెర్నల్‌తో పాటు వచ్చే ట్యాగుల స్క్రిప్టులో, ఈ మ్యాక్రో కనిపించినప్పుడు లోపలి ముక్కకు 'సిస్_' కలిపి ట్యాగు రాయమని ప్రత్యేకంగా ఒక సూత్రం పెట్టారు. తెలివిగా పుట్టించిన పేరుకు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చేత్తో సూచిక రాయవలసి వస్తుంది.

భాష తెలిసిన సాధనాలు

కోడ్‌ను అక్షరాలుగా కాక నిర్మాణంగా చూపే ఆలోచన 1970ల నాటిది. జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో లారీ టెస్లర్ స్మాల్‌టాక్ కోసం క్లాస్ బ్రౌజర్ తయారు చేశారు. క్లాసులు ఒక గడిలో, మెథడ్లు పక్క గడిలో, కోడ్ కింద. ఒక సందేశాన్ని పంపేవారెవరు, అమలు చేసేవారెవరు అని నేరుగా అడగవచ్చు. అక్కడ ఫైల్ అన్న భావనే దాదాపు తెర వెనక్కి పోయింది. జావా కాలానికి వచ్చేసరికి 2001లో ఇంటెల్లిజే ఐడియా, అదే ఏడాది ఐబీఎం ఓపెన్ సోర్సుగా ఇచ్చిన ఎక్లిప్స్ ఈ సౌకర్యాన్ని కార్యాలయాలన్నిటికీ చేర్చాయి. హైదరాబాదు, బెంగళూరు సర్వీసు కంపెనీల్లో ఒక తరం ప్రోగ్రామర్ల వేళ్లు ఎక్లిప్స్‌లో ఎఫ్3 నొక్కి నిర్వచనానికి వెళ్లడానికి అలవాటు పడ్డాయి.

అప్పటికి ఒక చిక్కు మిగిలింది. పది ఎడిటర్లు, ఇరవై భాషలు ఉంటే రెండువందల అనుసంధానాలు రాయాలి. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ఈ లెక్కను ముప్ఫైకి దించింది. ఒక్కో భాషకు ఒక్కో సర్వర్ ఉంటుంది. ఎడిటర్ 'ఈ ఫైల్‌లో ఈ పంక్తిలో ఉన్న పేరు నిర్వచనం ఎక్కడ' అని జేసన్ సందేశం పంపుతుంది, సర్వర్ జవాబిస్తుంది. విమ్‌లో, ఈమాక్స్‌లో, విజువల్ స్టూడియో కోడ్‌లో నేడు ఒకే నాణ్యత గల జవాబు రావడం దీని పుణ్యమే. సి, సి++ లకు మాత్రం ఒక షరతుంది. ఏ ఫైల్‌ను ఏయే ఫ్లాగులతో కంపైల్ చేస్తారో చెప్పే ఒక జేసన్ ఫైల్‌ను సర్వర్‌కు ముందుగా ఇవ్వాలి. ఇవ్వకపోతే హెడర్లు దొరకక సగం పేర్ల కింద ఎర్రగీతలు కనిపిస్తాయి. 'లాంగ్వేజ్ సర్వర్ పనిచేయడం లేదు' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

భాష తెలిసిన సాధనం కూడా చేతులెత్తేసే చోట్లున్నాయి. కెర్నల్‌లో ఒక ఫైల్‌ను తెరిచేటప్పుడు అన్ని ఫైల్ సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉండే పొర, ఆ ఫైల్ ఉన్న ఫైల్ సిస్టమ్ ఇచ్చిన ఫంక్షన్ పాయింటర్ ద్వారా 'ఓపెన్' అనే గడిని పిలుస్తుంది. అక్కడ నిర్వచనానికి వెళ్లమని అడిగితే స్ట్రక్చర్‌లో ఆ గడి ప్రకటించిన పంక్తి దగ్గర దిగబెడుతుంది. అసలు నడిచే కోడ్ ఎక్కడుందో చెప్పలేదు, ఎందుకంటే అది డిస్కులో ఏ ఫైల్ సిస్టమ్ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ఆదుకునేది మళ్లీ పేరే. ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ రాసినవారు తమ ఫంక్షన్లలో దాదాపు అన్నిటికీ 'ఎక్స్‌ట్4_' అన్న ఉపసర్గ పెడతారు కాబట్టి, 'ఎక్స్‌ట్4_ఫైల్_ఓపెన్' అని ఊహించి టైప్ చేసినా దొరికిపోతుంది. పేర్లను స్ట్రింగులుగా అతికించి పిలిచే కోడ్‌కైతే ఈ వెసులుబాటు కూడా లేదు. 'టైప్' వేరియబుల్‌కు '_హ్యాండ్లర్' తగిలించి ఫంక్షన్‌ను పిలిచే రెండు పంక్తుల చమత్కారం రాసిన మనిషికి సంతోషాన్నిస్తుంది. ఆ తర్వాత వచ్చేవారికి ఏ వెతుకులాటా పనిచేయదు.

పేరుతో ఫైల్ తెరవడం

ఎడమవైపు ఫోల్డర్ చెట్టును ఒక్కో కొమ్మగా విప్పుకుంటూ పోవడం వేల ఫైళ్ల ప్రాజెక్టులో నత్తనడక. 2004లో మ్యాక్ కోసం వచ్చిన టెక్స్ట్‌మేట్, ఆ తర్వాత సబ్లైమ్ టెక్స్ట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో కంట్రోల్-పి లాంటి మీట నొక్కి పేరులో గుర్తున్న అక్షరాలు కొన్ని కొడితే చాలు. అక్షరాలు పక్కపక్కన ఉండనక్కర్లేదు, వరుస తప్పకుంటే చాలు. టెర్మినల్‌లో ఇదే పని జునెగన్ చోయ్ రాసిన ఎఫ్‌జెడ్‌ఎఫ్ చేస్తుంది.

దొరికిన వంద ఫైళ్లలో దేన్ని ముందు నిలబెట్టాలో మార్కులు వేసి తేలుస్తారు. కొట్టిన అక్షరం పేరులో ఒక మాట మొదట్లో వస్తే ఎక్కువ మార్కులు. అండర్‌స్కోర్, హైఫన్, ఫోల్డర్ గీత తర్వాతి అక్షరం, మధ్యలో వచ్చే పెద్దక్షరం, ఇవన్నీ మాట మొదలని లెక్క. అందుకే 'యూజర్‌పేమెంట్‌సర్వీస్' అన్న ఫైల్ 'యు-పి-ఎస్' అని మూడక్షరాలు కొట్టగానే పైకి వస్తుంది. మాటల మధ్య ఏ గుర్తూ లేకుండా అన్నీ చిన్నక్షరాలతో రాసిన పొడవాటి పేరుకు ఆ అదృష్టం లేదు.

ఫైల్ పేర్లు

పేర్లు క్లుప్తంగా, వికారంగా ఉండటానికి చాలాకాలం కారణం యంత్రాలే. తొలి యూనిక్స్‌లో డైరెక్టరీలో ఒక్కో నమోదుకు 16 బైట్లు. రెండు ఐనోడ్ సంఖ్యకు పోగా పేరుకు మిగిలేవి 14. ఎంఎస్-డాస్‌లో ఎనిమిది, చుక్క, మూడు. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో ప్రోగ్రాములుండే లైబ్రరీలో ఒక్కో సభ్యుడి పేరు ఈనాటికీ ఎనిమిదక్షరాలు మించదు. 1990ల చివర వై2కే పనుల కోసం అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని వెళ్లిన తెలుగు ఇంజనీర్లు ఈ ఎనిమిదక్షరాల అడవిలోనే తిరిగారు. అక్కడ ఎడిటర్ ఐఎస్‌పీఎఫ్. లైబ్రరీ మొత్తం వెతకడానికి 3.14 అనే మెనూ సంఖ్య. వాళ్లకు అప్పగించిన పనే ఒక పెద్ద వెతుకులాట: రెండంకెల సంవత్సరం ఎక్కడెక్కడ ఉందో పట్టుకోవడం. పేరులో 'డేట్', 'డీటీ', 'వైవై' ఉన్న ఫీల్డులు సులువుగా దొరికేవి. 'వర్క్-1' లాంటి పేరు వెనక దాక్కున్న తేదీని మాత్రం, విలువ ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతోందో పంక్తి పంక్తీ వెంబడించి పట్టుకోవాల్సి వచ్చేది.

పరిమితులు పోయాక పేరును నియమంగా మార్చిన భాషలు వచ్చాయి. జావాలో పబ్లిక్ క్లాసు పేరూ ఫైలు పేరూ ఒకటే కావాలి. ప్యాకేజీ పేరే ఫోల్డర్ల దారి. దీని మూలంగా క్లాసు పేరు తెలిస్తే ఫైల్ తెలిసినట్టే. జావా పేర్లు చాంతాడంత ఉంటాయని నవ్వేవారు ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకోరు. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్ ఇంకో అడుగు వేసింది. 'యూజర్స్_కంట్రోలర్' ఫైల్‌లో 'యూజర్స్‌కంట్రోలర్' క్లాసు ఉంటుందని ఫ్రేమ్‌వర్కే నమ్మి తెస్తుంది. లేకపోతే లోపం చూపిస్తుంది. ఒక రైల్స్ ప్రాజెక్టు తెలిసినవారు ఇంకో రైల్స్ ప్రాజెక్టులోకి మొదటి రోజే చొరవగా నడవగలగడానికి కారణం ఇదే. గో భాషలో '_టెస్ట్' అని ముగిసే ఫైల్ పరీక్షలప్పుడు మాత్రమే, '_విండోస్' అని ముగిసేది విండోస్‌లో మాత్రమే కంపైల్ అవుతుంది. ఇందులో ఒక ఉచ్చు కూడా ఉంది. చేయి అనే అర్థంలో ఎవరైనా ఫైల్ పేరు చివర '_ఆర్మ్' అని పెడితే, గో దాన్ని ప్రాసెసర్ పేరుగా తీసుకుని మిగతా యంత్రాల మీద నోరెత్తకుండా వదిలేస్తుంది.

ఫోల్డర్ పేరులో ఉన్నదాన్ని ఫైల్ పేరులో మళ్లీ రాయాలా వద్దా అన్నది తెగని వాదన. రెండు పక్షాలూ లినక్స్ కెర్నల్‌లోనే పక్కపక్కన కనిపిస్తాయి. ఎక్స్‌ట్4 ఫోల్డర్‌లో 'ఐనోడ్.సి', 'సూపర్.సి', 'ఫైల్.సి' అని పొడిపొడిగా ఉంటాయి. ఎస్‌జీఐ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్ ఐరిక్స్ నుంచి వచ్చిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ ఫోల్డర్‌లో 'ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐనోడ్.సి', 'ఎక్స్‌ఎఫ్‌ఎస్_సూపర్.సి' అని ఉపసర్గ ప్రతిచోటా ఉంటుంది. పుస్తకం ప్రకారం రెండోది పునరుక్తి. కానీ ఎడిటర్ ట్యాబులో, క్రాష్ నివేదికలో, సహోద్యోగి పంపిన సందేశంలో ఫోల్డర్ దారి తరచు ఊడిపోతుంది, చివరి పేరే మిగులుతుంది. కెర్నల్‌లో 'ఐనోడ్.సి' అని కొడితే డజన్ల కొద్దీ వస్తాయి. 'ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఐనోడ్' అని కొడితే కావలసినదే వస్తుంది. చిన్న ప్రాజెక్టులో మొదటి పద్ధతి అందంగా ఉంటుంది, పెద్దదానిలో రెండోదే బతికిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ వాదనకు తీవ్రమైన ఉదాహరణ జావాస్క్రిప్టు లోకంలోని 'ఇండెక్స్.జేఎస్'. ఫోల్డర్ పేరు చెబితే అందులోని ఇండెక్స్ ఫైల్‌ను నోడ్ తనంతట తాను తెస్తుంది. దాంతో ప్రతి ఫోల్డర్‌లో ఒకటి పుట్టి, ట్యాబుల వరుస అంతా ఒకే పేరుతో నిండిపోతుంది. నోడ్ సృష్టికర్త రయన్ డాల్ 2018లో ఒక ప్రసంగంలో తాను చింతించే విషయాల జాబితాలో దీన్నీ చేర్చారు. ఆ తర్వాత కూడా నెక్స్ట్.జేఎస్ కొత్త రౌటర్ ప్రతి పేజీ ఫైల్‌కూ 'పేజ్' అనే పేరు పెట్టించింది. ఎడిటర్లు పేర్లు కలిసినప్పుడు పక్కన ఫోల్డర్ పేరు చిన్నగా చూపి సర్దుకుంటున్నాయి. 'యుటిల్స్', 'కామన్', 'హెల్పర్స్', 'మిస్క్' అన్నవి వేరే జాతి. వీటిలో ఏముందో పేరు చూసి చెప్పలేం కాబట్టి ఎవరూ అక్కడ వెతకరు. వెతకరు కాబట్టి అదే ఫంక్షన్ ఇంకోచోట మళ్లీ పుడుతుంది.

పేరు చివర పాత్రను చేర్చడం పెద్ద ప్రాజెక్టుల్లో బాగా పనిచేసింది. క్రోమియం బ్రౌజర్ కోడ్‌లో ఒక ఫైల్ పక్కనే '_యూనిట్‌టెస్ట్', '_బ్రౌజర్‌టెస్ట్', '_విన్', '_మ్యాక్' రూపాలుంటాయి. అక్షరక్రమంలో పేర్చినప్పుడు బంధువులన్నీ ఒకచోట చేరతాయి. యాంగ్యులర్ ఫ్రేమ్‌వర్క్ ఏళ్ల తరబడి 'కాంపోనెంట్', 'సర్వీస్' అని ప్రత్యయాలు తగిలించి, 2025లో 20వ వెర్షన్‌తో ఆ అలవాటు మానుకుంది.

ఒక యంత్రంలో మంచిదైన పేరు మరోదానిలో చెల్లకపోవచ్చు. కెర్నల్ నెట్‌ఫిల్టర్ భాగంలో 'ఎక్స్‌టీ_టీసీపీఎంఎస్‌ఎస్' పేరుతో రెండు సి ఫైళ్లున్నాయి. ఒకదానిలో చివరి భాగం పెద్దక్షరాల్లో, రెండోదానిలో చిన్నక్షరాల్లో. లినక్స్‌కు అవి వేర్వేరు. పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోని విండోస్, మ్యాక్ డిస్కుల మీద క్లోన్ చేస్తే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. కెర్నల్‌లోని నువో గ్రాఫిక్స్ డ్రైవర్‌లో 'ఆక్స్.సి' అనే ఫైల్ ఉంది. డాస్ రోజుల నుంచి 'ఆక్స్', 'కాన్', 'నల్' పరికరాల పేర్లుగా రిజర్వు అయి ఉండటంతో విండోస్‌లో దాన్ని సృష్టించడమే కష్టం.

తెలుగు లిపిలో ఫైల్ పేర్లు

నేటి ఫైల్ సిస్టమ్‌లన్నీ తెలుగు పేర్లను ఒప్పుకుంటాయి. తెలుగు పాఠాలు, అనువాదాలు, ఫాంట్లు ఉండే ప్రాజెక్టుల్లో ఇవి కనిపిస్తాయి కూడా. ఇబ్బందులు వేరేచోట ఉన్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు మూడు బైట్లు. లినక్స్ ఎక్స్‌ట్4లో పేరుకు 255 బైట్ల హద్దు కాబట్టి 85కు మించి పట్టవు, అందులో గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్క. గిట్ తన మామూలు అమరికలో తెలుగు పేర్లను '340', '260' లాంటి అష్టాంశ సంఖ్యల వరుసగా చూపిస్తుంది. 'కోర్.కోట్‌పాత్' అమరికను ఆపేస్తే అక్షరాలు మళ్లీ కనిపిస్తాయి.

ఐత్వం చిక్కు దీనికంటే సూక్ష్మం. యూనికోడ్‌లో ఐత్వపు గుర్తును ఒకే కోడ్ పాయింటుగా రాయవచ్చు. ఎత్వం, దాని కింది భాగం అని రెండుగా కూడా రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసిన రూపంలోకి మార్చి దాచేది. దాంతో 'సైనికుడు' అనే పేరున్న ఫైల్ లినక్స్ నుంచి మ్యాక్‌కు వెళ్లి వస్తే బైట్లు మారి, గిట్‌కు కొత్త ఫైల్‌లా కనిపించే ప్రమాదం ఉండేది. గిట్ మ్యాక్ కోసం పేర్లను కలిపి రాసే అమరిక తెచ్చాక ఇది చాలావరకు సర్దుకుంది. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేనందున, మధ్యలో పెద్దక్షరం చూసి మాటలను విడదీసే వెతుకులాట పెట్టెలకు తెలుగు పేర్లలో ఆ ఆసరా ఉండదు. అండర్‌స్కోరో హైఫనో తప్పనిసరి.

గతంలో వెతకడం

ప్రస్తుత కోడ్‌లో దొరకని జవాబు పాత మార్పుల్లో ఉండవచ్చు. గిట్ బ్లేమ్ ఒక్కో పంక్తిని చివరిగా ఎవరు ఎప్పుడు మార్చారో చూపిస్తుంది. కానీ ఎవరో ఖాళీలు సర్దిన కమిట్ దగ్గరే అది ఆగిపోవచ్చు. అలాంటప్పుడు గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఐచ్ఛికంతో ఒక పేరిస్తే, ఆ పేరు ఎన్నిసార్లు వస్తుందన్న లెక్క మారిన కమిట్‌లను మాత్రమే ఏరి ఇస్తుంది. పేరు పుట్టిన రోజూ, తొలగించిన రోజూ బయటపడతాయి. తొలగించిన కోడ్‌ను వెతకడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఫైల్ పేరు మార్చినప్పుడు ఈ చరిత్ర తెగే అవకాశం ఉంది. గిట్ పేరు మార్పును ఎక్కడా నమోదు చేయదు. పాత ఫైల్ మాయమై కొత్త ఫైల్ కనిపించినప్పుడు రెండింటి పాఠాలనూ పోల్చి, మామూలు అమరికలో 50 శాతమైనా కలిస్తే పేరు మారిందని ఊహిస్తుంది. పేరు మార్చే కమిట్‌లోనే లోపలి కోడ్‌నూ సగానికి పైగా తిరగరాస్తే ఆ ఊహ తప్పుతుంది, చరిత్ర అక్కడితో ఆగిపోతుంది. పాత కోడ్‌లోని 'యుటిల్స్2' లాంటి పేర్లను సరిచేయడానికి పూనుకునేవారు ఒక కమిట్‌లో పేరు మాత్రం మార్చి, లోపలి మార్పులను తర్వాతి కమిట్‌లో పెట్టడం ఇందుకే.